ఉప్పు కాపడం

పెంటయ్య ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. వేలెడంత గాజు గొట్టాన్ని నీళ్ళ తొట్టిలోంచి తీసి, తలకిందులు చేసి, ముప్ఫై అంకెలు లెక్కపెట్టుకుంటూ చూడటం. లోపలిది జారితే ఇంకా నీళ్ళకింద లెక్క. జారకపోతే పేరుకున్నట్టు లెక్క. తొట్టి వేడిని ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే వంచడం, అదే చూడటం. చదువుకున్నవాళ్ళు దానికో పెద్ద పేరు పెట్టి పత్రికల్లో రాసుకుంటారు. ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటక మీద పడేసిన పెంటయ్యకు మాత్రం అది వంచిచూసుడే. కుడి మణికట్టు ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు ఎడమ చేత్తో వంచుతున్నాడు.

సంగారెడ్డి రోడ్డు మీద, మందుల ఫ్యాక్టరీల వాసన మధ్య ఉంటుంది ఆ ల్యాబ్. బయట ఎండ పెనంలా కాలుతున్నా లోపల ఏసీ చలికి పెంటయ్య స్వెట్టర్ వేసుకునే పని చేస్తాడు. అక్కడ తయారవుతున్నది షుగర్ జబ్బుకు ఒక జెల్. చల్లగా ఉన్నంతసేపు మంచినీళ్ళలా ఉంటుంది. సూదితో చర్మం కిందికి ఎక్కిస్తే ఒంటి వేడికి గట్టి పెరుగులా పేరుకుని, నిమ్మకాయంత గడ్డై కూర్చుంటుంది. ఆ గడ్డలో నెలకు సరిపడా ఇన్సులిన్. రోజుకు ఇంతని చెమ్మలా ఊరుతూ ఒంట్లో కలుస్తుంది. రోజూ రెండుపూటలా పొడుచుకునే బాధ తప్పి, నెలకొక్క సూదితో సరిపోతుంది. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని నెలసూది అనేవాళ్ళు.

పోయిన ఎండాకాలం ఆ నెలసూది పరువు తీసింది. ఊళ్ళలో పరీక్షకని ఆశా వర్కర్ల చేతికిస్తే, ఐసు పెట్టెలోంచి తీసి పేషెంటు ఇంటికి నడిచి వెళ్ళేలోగా సూదిలోనే పేరుకుపోయింది. ఇరవై తొమ్మిది డిగ్రీలకే అది గట్టిపడుతుంది. మే నెలలో మన ఊళ్ళలో నీడపట్టునే ముప్ఫై ఎనిమిది. సూదులు మూసుకుపోయి, బలంగా నొక్కితే విరిగి, పెట్టెలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి.

డాక్టర్ నీరజాక్షి ఆ ల్యాబ్‌కు పెద్ద. నలభై నిండని మనిషి. తెనాలి వైపు నుంచి వచ్చింది. ఆరు నెలలు కూర్చుని, జెల్‌లో కొంచెంగా వేరే పాలిమర్ కలిపి ఆ పేరుకునే వేడిని పైకి జరపాలని చూసింది. పదకొండు రకాలు కలిపారు. కొన్ని అసలు పేరుకోనివ్వలేదు. కొన్ని రాయి చేశాయి. పెంటయ్య వాటన్నిటినీ ‘తోడు’ అనేవాడు. పాలల్లో తోడు ఎంత పడితే పెరుగు అంతే కదా. చివరికి తొమ్మిదో రకం తోడు, నూటికి నాలుగున్నర పాళ్ళు కలిపితే, జెల్ ముప్ఫై ఆరు దాకా నీళ్ళలా ఉండి, ఐసు పెట్టె చలి పూర్తిగా వదిలేలోగా పేషెంటు ఇల్లు చేరి, ఒంట్లోకి వెళ్ళాకే పేరుకుంది. ఆ నాలుగున్నర పట్టుకున్నది పెంటయ్య. నాలుగుకు జారుతోందనీ, అయిదుకు బిగుసుకుంటోందనీ, మధ్యలో ఒకసారి చూద్దామనీ అన్నది అతనే. పత్రికలో వ్యాసం పడినప్పుడు అయిదుగురి పేర్లున్నాయి. అడుగున చిన్నక్షరాల్లో ల్యాబ్ సిబ్బందికి కృతజ్ఞతలు అని ఉందట. ఆ సిబ్బందివి నువ్వే కదా అని ఎవరో అంటే, ‘ఔ, ఈ బీకర్లు గూడ సిబ్బందే’ అన్నాడు పెంటయ్య.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అతనొక గొట్టం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“మేడం, జెర ఇది సూడుండ్రి. పైన ఏడుస్తుంది.”

“ఏడవడమేమిటి పెంటయ్యా?”

“నలభై మూడు దాటంగనే ముద్ద ముడుసుకపోతుంది. నీళ్ళన్నీ బయటికి తోసేస్తుంది. తోడు ఎయ్యనప్పుడు అరవై దాక గిట్ల కాలే.”

నీరజాక్షి గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత గోడమీది తెల్లబోర్డు మీద రెండు గీతలు గీసింది. కింది గీత పేరుకునే వేడి. పై గీత ముడుచుకుపోయే వేడి. తోడు లేకుండా ఇరవై తొమ్మిది, అరవై. తోడు వేస్తే ముప్ఫై ఆరు, నలభై మూడు.

“కింది గీతను పైకి లాగితే పై గీత కిందికి జారింది. అంతే. దీంతో ప్రమాదం లేదండి. మనిషికి నలభై రెండు జ్వరం దాటితే మనిషే దక్కడు. ఇక నలభై మూడు ఎక్కడినుంచి వస్తుంది?”

లెక్క సరిగ్గానే ఉంది. పెంటయ్యకు కూడా సరిగ్గానే ఉందనిపించింది. గొట్టం కడిగి బోర్లించి, టైమైతే ఇంటికి పోయాడు.

ఇల్లంటే కార్మికుల కాలనీలో రెండు గదులు. ఒకదాంట్లో పెంటయ్య, అతని భార్య బాలమణి. రెండోదాంట్లో బాలమణి అక్క యాదమ్మ. యాదమ్మ మొగుడు పోయినప్పటి నుంచి వీళ్ళ దగ్గరే ఉంటోంది. పొద్దంతా ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంది. తల్లి చిన్నప్పుడే పోతే బాలమణిని చంకనేసుకుని పెంచింది ఆమే. పన్నెండేళ్ళుగా షుగర్. పొట్టంతా పొడిచి పొడిచి చర్మం అట్టకట్టింది.

“ఏం మరిదీ,” అనేది ఆమె పెంటయ్య ఇంట్లో అడుగుపెట్టగానే, “మీ కంపెనీల బర్రెలకు గూడ మందు కనిపెడ్తరు గని, నా కడుపు మీద ఇంత మెత్తటి జాగ కనిపెట్టరాదు?”

“కనిపెట్టినం వదినె. ఇంగ నెలకు ఒక్కటే సూది.”

“ఒక్కటే? మరి నాకు పొద్దెట్ల పోవాలె?”

బాలమణి లోపలినుంచి నవ్వింది. “దానికి పొడుసుకునుడు గూడ పనే అయింది.”

పరీక్షకు నలభై మంది కావాలన్నప్పుడు పెంటయ్యే యాదమ్మ పేరు రాయించాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఇన్నేళ్ళ వంచిచూసుడులో తన ఇంటి మనిషికి పనికొచ్చింది ఒక్కటైనా ఉండాలనిపించింది అతనికి. కంపెనీ వాళ్ళు తెలుగులో అచ్చేసిన కాగితం ఇచ్చారు. సూది వేసిన చోట నలపకూడదు, గోకకూడదు, ఇరవై నాలుగు గంటలు తడపకూడదు, ఇట్లా తొమ్మిది మాటలు. పది దాకా చదివిన బాలమణి దాన్ని అక్కకు చదివి వినిపించి, గోడకు మేకుకు గుచ్చింది.

సూది గురువారం వేశారు. శుక్రవారానికి బొడ్డు పక్కన గడ్డ బిగిసి, కుట్టు కుట్టినట్టు సలపడం మొదలైంది. నర్సుకు ఫోన్ చేస్తే, మొదట్లో అట్లనే ఉంటదమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటదని చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు.

శనివారం పెంటయ్య డ్యూటీలో ఉన్నాడు. పన్నెండు దాటాక బాలమణి ఫోన్ చేసింది.

“అక్క ఎటో మాట్లాడుతుంది. చేటల చెయ్యి పెట్టి మా అమ్మను పిలుస్తుంది. ఒళ్ళంత చెమటలు. నువ్వు జెల్ది రా.”

అతను వెళ్ళేసరికి యాదమ్మ గోడకు ఒరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళలో మనిషి లేదు. ఆసుపత్రిలో షుగర్ చూస్తే ఇరవై రెండు. గ్లూకోజ్ ఎక్కిస్తే పది నిమిషాలు పెరిగి మళ్ళీ జారింది. ఇంకో సీసా పెట్టారు. మళ్ళీ జారింది. అక్కడి డాక్టరు, ముసలాయన, నుదురు రుద్దుకుంటూ, “ఈమె ఒంట్లో ఎక్కడో ఇన్సులిన్ నల్లా తిప్పి ఇడిసిపెట్టినట్టుందయ్యా. ఎంత పోసినా నిలుస్తలేదు” అన్నాడు. మర్నాడు పొద్దున, తెలివి రాకుండానే, యాదమ్మ పోయింది.

కంపెనీ తరఫున మేనేజర్ విఠల్ రావు దండ పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఒక ఫైలు పట్టుకుని వచ్చాడు. ఇరుగుపొరుగును అడిగి, యాదమ్మకు శనివారం ఒక్కపొద్దు ఉండే అలవాటుందని రాసుకున్నాడు.

“షుగరోళ్ళు ఉపాసం ఉంటే ఇంగేమైతదమ్మా? మందుదేం తప్పుంది?”

“ఒక్కపొద్దు ఇడిసిపెట్టి రెండేండ్లాయె సార్,” అంది బాలమణి. “ఆ రోజు పొద్దుగాల్ల రెండు జొన్నరొట్టెలు తిన్నది. నేనే చేసి పెట్టిన.”

విఠల్ రావు తల ఊపాడు. పెన్ను మాత్రం కదపలేదు. మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ ఏమీ కాలేదు. కాబట్టి మందు మంచిదే, మనిషే చెడ్డది. వచ్చే నెల మొదటి సోమవారం పన్నెండు ఊళ్ళలో ఆరొందల మందికి నెలసూది వేయడం మొదలవుతుందని ఫ్యాక్టరీలో నోటీసు పెట్టారు.

బాలమణి ఆ పది రోజులూ ఒకటే మాట తిప్పి తిప్పి అన్నది. “నేను పక్కనే ఉంటి గదా. నాకెందుకు ఎరుక గాలే?”  

పదో రోజున చుట్టాలు వచ్చారు. బాలమణి మేనత్త నర్సవ్వ జోగిపేట నుంచి బస్సులో నిలబడి వచ్చి, మోకాలు పట్టేసి, అరుగు మీద కూలబడింది. అన్నాలైపోయాక బాలమణి పెనం పొయ్యి మీద పెట్టి, దొడ్డుప్పు పోసి, చిటపటమనేదాకా వేయించింది. పాత చీర ముక్కలో మూట కట్టి అత్త మోకాలికి ఆనించింది. పెంటయ్య ఎంగిలి విస్తరాకులు ఎత్తుతున్నాడు.

“జెర సూసి పెట్టు బిడ్డా, తోలూడొస్తది.”

“నాకు తెల్వదానె అత్తా. అక్కకు గూడ నేనే పెడితి. కడుపు మీద గడ్డ సలుపుతుంది అంటే, మూడుసార్లు కాపిన. మూడోసారికి గడ్డ కరిగిపోయినట్టు మెత్తగైంది. పానం లేసొచ్చిందే అన్నది.”

పెంటయ్య చేతిలో విస్తరాకులు అట్లాగే ఉండిపోయాయి.

“గడ్డ మెత్తగైందా?”

“ఆఁ. ఎందుకు?”

“ఏం లే,” అన్నాడు. ఆకులు బయట పారేసి, నల్లా కింద చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్ళి, యాదమ్మకు వేసిన లాటులోనే మిగిలిన జెల్‌ను ముప్ఫై ఏడు దగ్గర పేరుకోనిచ్చి, గొట్టాన్ని నలభై అయిదు డిగ్రీల తొట్టిలో దించాడు. గడియారం చూడాల్సిన పని కూడా పడలేదు. ముద్ద చూస్తుండగానే తెల్లబడింది, నాలుగోవంతుకు కుంచించుకుపోయింది, చుట్టూ నీళ్ళు నిలిచాయి. అతను ఆ గొట్టాన్ని తెచ్చి నీరజాక్షి బల్ల మీద పెట్టి, చూసినదీ విన్నదీ చెప్పాడు. ఎవరు పెట్టారన్నది తప్ప.

ఆమె ఆ నీళ్ళను లాగి యంత్రంలో పెట్టింది. నెలరోజుల మందులో నూటికి ఎనభై పాళ్ళు ఆ నీళ్ళలోనే ఉంది. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

“మా అమ్మ కూడా పెట్టేది. చిన్నప్పుడు టెటనస్ సూది వేయించుకొస్తే జబ్బ మీద వేడినీళ్ళ సీసా దొర్లించేది. ఈ ల్యాబ్‌లో తొమ్మిదిమందిమి ఉన్నాం. పెట్టించుకోనివాళ్ళు ఒక్కరుండరు. ఒక్కరికీ గుర్తు రాలేదు చూశారా.”

 పెంటయ్యకూ గుర్తు రాలేదు. ఒంట్లోంచి వచ్చే వేడి లెక్కేశారు గానీ, పక్కన కూర్చున్న మనిషి ప్రేమతో తెచ్చిపెట్టే వేడి ఎవరి లెక్కలోకీ రాలేదు. బయట చెప్పులతో పాటు ఇంటి సంగతులు కూడా ఆ తలుపు దగ్గరే విడిచి లోపలికి రావడం అందరికీ అలవాటైపోయింది.

విఠల్ రావు విని మొహం చిట్లించాడు. “ఎవరో ఏదో కాపినరంట అంటే ఎట్ల మేడం? పైవాళ్ళకు నేనేం చెప్పాలె? ఎవరు పెట్టిండ్రు, ఎంత వేడి, ఎంతసేపు, అన్నీ కాయితం మీద కావాలె. శనివారం సాయంత్రం లోపల అది లేకుంటే సోమవారం ఆగేది లేదు.”

అది బుధవారం.

నీరజాక్షి కాగితం ముందుకు లాక్కుంది. “ఎవరు పెట్టారు పెంటయ్యా?”

“నేనే.”

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చాక అదే మేలనిపించింది. బాలమణికి అక్కంటే అక్క కాదు, తల్లి. తన చేత్తోనే ఇట్లా అయిందని తెలిస్తే ఆ చేత్తో ఇంక ముద్ద కలుపుకుని తినగలదా? తనకైతే ఇదేం కొత్త కాదు. ఈ బతుకులో మీద పడినవాటి పక్కన ఇదొకటి. నీరజాక్షి ‘పెంటయ్య’ అని రాసుకుంది.

“ఎంత వేడి?”

“నలభై అయిదు ఉంటదేమో మేడం.”

“ఉంటదేమో అని రాయలేను కదా. అది తేలితేగానీ తోడు సంగతి తేలదు.” తోడు అన్న పెంటయ్య మాట ఆమె నోట రావడం అదే మొదలు. “నలభై నాలుగూ అయిదూ అయితే తోడు కొంచెం తగ్గించి పై గీతను ఎత్తుకోవచ్చు. యాభై దాటిందంటే ఈ జెల్ మొత్తం పారేయాల్సిందే. రేపు ఇక్కడే పెట్టి చూపించండి.”

గురువారం నీరజాక్షి బల్ల మీద ఏర్పాటు చేసింది. అడుగున ముప్ఫై ఏడు డిగ్రీల వేడి పలక. దాని మీద పేరుకున్న జెల్ ముద్ద. జెల్‌లో థర్మామీటరు తీగ. పైన కప్పడానికి కసాయి దగ్గర్నుంచి తెప్పించిన మేక చర్మం, నున్నగా గీకినది. పెంటయ్య ఉప్పు వేడిచేసి మూట కట్టి ఆనించాడు. మీటరు మీద అంకె అరవై దాటింది. చర్మం కమిలి వాసన వచ్చింది. రెండోసారి చల్లార్చి పెట్టాడు. ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. మూడోసారి మూట విప్పుకుని ఉప్పంతా బల్ల మీద పోయింది.

నీరజాక్షి ఆసుపత్రి కాగితాలు తిప్పింది. “పొట్ట మీద కాలిన గుర్తులు లేవు, ఎరుపు కూడా లేదు అని రాశారు వాళ్ళు. పెట్టినవాళ్ళకు చెయ్యి బాగా తిరిగి ఉండాలి. మీరు కాదు.”

అతను ఉప్పు ఊడుస్తూ ఉండిపోయాడు.

“మీ ఆవిడా?”

ఊడ్చిన ఉప్పే మళ్ళీ ఊడ్చాడు.

“ఆమెను పిలిపించమని నేను అడగను, పెంటయ్య గారూ. అడిగే మొహం నాకు లేదు. కానీ ఆ అంకె నా దగ్గర లేదు. మీ దగ్గర లేదు. ఆరొందల ఇళ్ళలో ఎవరికో ఒకరికి గడ్డ సలుపుతుంది. ఎవరో ఒకరు పెనం పెడతారు.”

ఆ సాయంత్రం పెంటయ్య ఇంటికొచ్చేసరికి బాలమణి అక్క గదిలో కూర్చుని, మిగిలిన తునికాకు కట్టలు విప్పి ఎండినవీ పనికొచ్చేవీ వేరు చేస్తోంది. అతను గడపలో కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మందు ఎట్లా పేరుకుంటుందో చెప్పాడు. తోడు గురించి చెప్పాడు. రెండు గీతల గురించి చెప్పాడు. పై గీత కాపడం వేడికి అందేదేనని చెప్పబోయాడు. అప్పటికే ఆమె చేతులు ఆగాయి.

ఆకు కట్ట పక్కన పెట్టింది. “అక్క పేరు నువ్వు రాయిస్తివి.”

“ఆఁ.”

“మందు నువ్వే కలిపినవా?”

“కలిపిన. ముడుసుకపోతుందని గూడ నేనే సూసిన. మేడంకు చెప్పిన. కాదన్నది. ఊకున్న.”

“గోడకున్న కాయితంల వేడి పెట్టొద్దని ఉండెనా?”

“లేకుండె.”

“నాకు సదువొస్తది గదా,” అంది బాలమణి. గొంతు పెరగలేదు. “రెండుసార్లు సదివిన. నలపొద్దని ఉండె, అందుకే నలపలే. గోకనియ్యలే. నీళ్ళు తాకనియ్యలే. తొమ్మిది మాటలకు తొమ్మిది పాటించిన. ఇంగొక్క మాట రాస్తే మీ సొమ్మేం పోతుండె?”

 ఆమె ఏడవలేదు. ఏడుస్తుందనుకుని దానికి సిద్ధపడి కూర్చున్న పెంటయ్యకు అదే ఇంకా బరువైంది. శుక్రవారం పొయ్యి వెలగలేదు. అతను హోటల్ నుంచి ఇడ్లీ తెస్తే పొట్లం విప్పకుండానే ఎండిపోయింది. బాలమణి అక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అతను చెప్పాల్సిన మిగతా సగం, పెనం పట్టుకుని ల్యాబ్‌కు రావాల్సిన సంగతి, నాలుక దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. ఆఖరికి పొద్దుగూకుతుంటే గడపలోనే నిలబడి, ఆమె వీపుతోనే చెప్పాడు. వీపు కదల్లేదు.

శనివారం పొద్దున అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె తలస్నానం చేసి వచ్చింది. పెనం తోమి సంచిలో పెట్టింది. ఉప్పు డబ్బా పెట్టింది. మడతపెట్టిన పాత చీర ముక్క పెట్టింది.

“ఎన్ని గంటలకు పోవాలె?”

ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ వాడు సంచి తడిమి, “పెనమెందుకమ్మా? లోపల క్యాంటీన్ ఉంది గదా” అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వాడే పక్కకు తప్పుకున్నాడు.

ల్యాబ్‌లో చలికి బాలమణి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నీరజాక్షి లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. బల్ల మీది కాగితం కనిపిస్తే వంగి చదివింది.

“ఇది తప్పుంది మేడం. నా పేరు రాయుండ్రి. ఆయనకు కాపడం రాదు.”

నీరజాక్షి కొట్టేసి రాసింది.  

పెనం విద్యుత్ పొయ్యి మీద పెట్టింది. ఉప్పు పోసి, చెవి పెనం వైపు వంచి, చిటపట తగ్గేదాకా ఆగింది. బట్టలో పోసి, మెలేసి, ముడి వేసింది. మూటను ముందు మణికట్టు లోపలి వైపు ఆనించుకుంది. ఊదింది. ఇంకొంతసేపు ఆగి చెంపకు ఆనించుకుంది. అప్పుడు గానీ మేక చర్మం మీదికి రాలేదు. ఒత్తలేదు. ఆనించి, తీసి, పక్కకు జరిపి మళ్ళీ ఆనించింది. జోకొడుతున్నట్టుగా.

“గిక్కడ అక్క ఇంగ కొంచెంసేపు ఉంచమన్నది,” అని చెప్పి, అంతసేపూ ఉంచింది.

పెంటయ్య మీటరు చదువుతున్నాడు. ముప్ఫై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. ఇన్నేళ్ళలో ఎన్ని వేల అంకెలు ఇట్లా పైకి చదివాడో. నలభై మూడు దగ్గర అతను మీటరు మీంచి చూపు తిప్పుకున్నాడు. నీరజాక్షి తనే వంగి చూసింది. అంకె ఒక్క మెట్టు ఎక్కి నలభై నాలుగు దగ్గర నిలిచింది. చర్మం కింద జెల్ మెత్తగా కుంగింది. పళ్ళెంలోకి నీళ్ళు జారాయి.

“ఈ ఒక్కటీ చాలదమ్మా.” నీరజాక్షి మాటలు కూడదీసుకుంటోంది. “మూడుసార్లు చేస్తేగానీ... పైవాళ్ళు ఒప్పుకోరు. మీరు కాస్త కూర్చుని...”

“పెడ్త. మూడుసార్లే పెట్టిన.”

మళ్ళీ ఉప్పు పోసింది. మళ్ళీ మణికట్టు, మళ్ళీ చెంప. రెండోసారీ నలభై నాలుగే. మూడోసారీ నలభై నాలుగే. అటూ ఇటూ అర డిగ్రీ తేడా లేదు. ఆ ల్యాబ్‌లో పెద్ద చదువుల వాళ్ళ చేతులు ఎన్నో చూశాడు పెంటయ్య. అంత నిలకడైన చెయ్యి చూడలేదు. కాలనియ్యకుండా, చల్లారనియ్యకుండా, ఒక మనిషికి హాయిగా ఉండే వేడి ఎంతో యంత్రం అక్కర్లేకుండా తెలిసిన చెయ్యి అది. మందుకు పై గీత ఆ హాయికి ఒక్క డిగ్రీ కిందనే ఉండిపోయింది.

నీరజాక్షి మూడు అంకెలూ రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం పట్టుకుని విఠల్ రావు గదికి గబగబా నడిచింది. సోమవారం ఆగుతుందని తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి చెప్పింది. వాళ్ళిద్దరిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

బాలమణి మూట విప్పి ఉప్పు చెత్తబుట్టలో పోసింది. బట్ట దులిపి నాలుగు మడతలు పెట్టింది. పెనం ఇంకా వేడిగా ఉంది. అది చల్లారేదాకా ఏం చేయాలో తెలియక నిలబడి, మొగుడి మొహంలోకి చూడకుండా అడిగింది.

“ఎక్కువైందా?”

పెంటయ్య వేడి పలక స్విచ్ ఆపాడు. అంకె మెల్లగా దిగుతోంది.

“లేదే. మనిషికి సరిగ్గనే పెట్టినవ్. మందే ఓర్వలే.”